ప్యానెల్ సరే, సెల్ ఎవరిది?

ప్రశ్న: అన్నారం మీదుగా ఏళ్ల తరబడి రాకపోకలు సాగించినవాణ్ణి. అక్కడి ప్రీమియర్ ఎనర్జీస్‌ను సోలార్ పలకలు బిగించి అమ్మే ఓ మోస్తరు ఫ్యాక్టరీగానే ఎరుగుదును. పాతికేళ్లకు పైగా నిదానంగా నడిచిన ఆ సంస్థ ఒక్కసారిగా వందల కోట్ల లాభంలోకి ఎలా వెళ్లింది? ఆ లెక్కలను నమ్మవచ్చునా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సంగారెడ్డి

జవాబు: మీ అనుమానం సహజమైనదే. 1995లో సురేందర్ పాల్ సింగ్ సలూజా స్థాపించగా, ఇప్పుడు ఆయన కుమారుడు చిరంజీవ్ సింగ్ సలూజా నడుపుతున్న ఈ సంస్థ 2021-22లో దాదాపు 743 కోట్ల రూపాయల ఆదాయం మీద 14 కోట్లు నష్టపోయింది. మరుసటి ఏడు ఆదాయం 1,428 కోట్లకు చేరినా 13 కోట్ల నష్టం తప్పలేదు. ఆపై 2023-24లో 3,143 కోట్ల ఆదాయానికి 231 కోట్లు, 2024-25లో 6,500 కోట్లు దాటిన ఆదాయానికి సుమారు 937 కోట్లు లాభం వచ్చింది. ఇవి ఆడిట్ అయి ప్రజల ముందుకు వచ్చిన అంకెలు కనుక, ఉన్నాయా లేవా అన్న చర్చకన్నా ఎందుకు వచ్చాయన్నదే మనం చూడవలసింది. ఆదాయం రెట్టింపైన ఏడాదిలో లాభం నాలుగింతలైందంటే, సరుకు ఎక్కువగా అమ్ముడుపోవడం ఒక్కటే కారణమై ఉండదు.

దీని వెనుక రెండు సంగతులున్నాయి. మొదటిది ప్రభుత్వం కట్టిన గోడ. చైనా ప్యానెళ్లు అతి చౌకగా వచ్చి పడుతున్నంత కాలం ఇక్కడి తయారీదారులకు మిగిలేది అంతంతమాత్రం. 2022 ఏప్రిల్ 1 నుంచి దిగుమతి ప్యానెళ్లపై 40 శాతం, వాటి లోపల ఉండి ఎండను కరెంటుగా మార్చే సెల్‌లపై 25 శాతం సుంకం పడింది. ప్రభుత్వ ప్రాజెక్టులకు ఆమోదిత ఫ్యాక్టరీల ప్యానెళ్లే వాడాలన్న ఏఎల్ఎంఎం నిబంధనను ఒక ఏడాది పక్కన పెట్టి, 2024 ఏప్రిల్ 1 నుంచి మళ్లీ అమల్లోకి తెచ్చారు. గోడ లోపల ఉన్నవారందరికీ దీనితో ఊపిరి ఆడింది.

రెండవది సెల్, నా దృష్టిలో అసలు కథ ఇదే. విదేశం నుంచి తెచ్చిన సెల్‌లను వరుసగా అతికి, అద్దం కింద పేర్చి, వేడిమీద అదిమి, అల్యూమినియం చట్రం బిగించడం ప్యానెల్ తయారీ. పెట్టుబడి ఉన్నవారు కొద్ది నెలల్లో ఆ లైను పెట్టగలరు, అందుకే దేశంలో ప్యానెల్ ఫ్యాక్టరీలకు కొదవలేదు. సెల్ తయారీ అలా కుదరదు. అది రసాయనాలతో, వాయువులతో, కొలిమిలతో సాగే పని, లైను కుదురుకోవడానికే నెలలు పడుతుంది. కేంద్ర రాయితీతో వచ్చే ఇంటి కప్పు పథకానికీ, రైతుల పంపుసెట్లకు సంబంధించిన కుసుమ్ పథకానికీ దేశంలో చేసిన సెల్‌లే ఉండాలన్న షరతు ఉంది, అటువంటి సెల్‌లు చేసేవారు మాత్రం కొద్దిమందే. 2024లో షేర్లు అమ్మకానికి పెట్టేనాటికి ప్రీమియర్‌కు ఏడాదికి 4 గిగావాట్లకు (ఒక గిగావాట్ అంటే పది లక్షల కిలోవాట్లు) పైగా ప్యానెల్ సామర్థ్యంతో పాటు 2 గిగావాట్ల సెల్ సామర్థ్యం ఉంది. గిరాకీ ఉండి సరుకు కొరతగా ఉన్న చోట లాభం ఎటు పోతుందో పచారీ కొట్టువారికి కూడా తెలుసు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. సంస్థ యూనిట్లున్న మహేశ్వరం మండలం రావిర్యాల ప్రాంతానికి ఫ్యాబ్ సిటీ అన్న పేరు కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీ వస్తుందని పెట్టినది. చిప్‌లు రాలేదు, వాటికి వాడే సిలికానే సోలార్ సెల్ రూపంలో వచ్చింది.

ప్రశ్న: సెల్ అంటే ప్యానెల్‌లో కనబడే నీలం గడియే కదా? దానిని చేయడం అంత కష్టమా?
– ఇంటర్ విద్యార్థిని, నాయుడుపేట

జవాబు: ఆ గడియే. సిలికాన్ పలుచని బిళ్ల ఒక్కో పక్క 18 సెంటీమీటర్లకు పైగా ఉన్నా, మందం మాత్రం మిల్లీమీటరులో ఆరవ వంతు కన్నా తక్కువ. ముందుగా క్షారంలో ముంచి పైభాగాన్ని గరుకు చేస్తారు, వెలుగు తిరిగి పోకుండా అది ఆపుతుంది. తరువాత ఎనిమిది వందల డిగ్రీలు దాటే కొలిమిలో ఫాస్ఫరస్‌ను (కొత్త టాప్‌కాన్ రకంలో బోరాన్‌ను) లోపలికి ఇంకిస్తారు. మీరు చూసే నీలం ఏ రంగూ పూస్తే వచ్చినది కాదు, సిలికాన్ నైట్రైడ్ పూత వల్ల కాంతి అలా కనబడుతుంది. చివరగా వెండి ముద్దతో సన్నని గీతలు అచ్చువేసి, మళ్లీ కాలుస్తారు. ప్యానెల్‌గా బిగించాక దానిలోకి కరెంటు పంపి చీకట్లో ప్రత్యేక కెమెరాతో చూస్తే మంచి సెల్ నిండుగా మెరుస్తుంది. పగిలినదైతే కుండకు పడిన సన్న బీటలా నల్లని గీత కనబడుతుంది. మామూలు కంటికి ఆ బీట అంతుచిక్కదు.

మీ ఊరికీ ఈ కథలో చోటుంది. 4 గిగావాట్ల టాప్‌కాన్ సెల్ ఫ్యాక్టరీకి ఇదే సంస్థ నాయుడుపేటను ఎంచుకుంది. బిళ్లలు ఓడల్లో దిగుమతి అయ్యే పరిశ్రమకు కృష్ణపట్నం దాపున ఉండటం కలిసివచ్చే విషయం. ఆ దిగుమతే ఈ రంగానికి మిగిలిన పెద్ద బలహీనత కూడా: సిలికాన్ శుద్ధి, బిళ్లలు కోయడం ఇప్పటికీ అత్యధిక భాగం చైనా చేతిలోనే ఉన్నాయి.

ప్రశ్న: ఈ సంస్థ షేర్లు కొనవచ్చునా?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: కొనమనీ వద్దనీ చెప్పడం ఈ శీర్షిక పని కాదు. 450 రూపాయలకు ఇచ్చిన షేరు 2024 సెప్టెంబరు 3న మార్కెట్లో 990 దగ్గర మొదలైందని విని మీరు అడుగుతున్నట్టుంది. ఆ రోజు పోయింది. ఏఎల్ఎంఎం నిబంధనను 2026 జూన్ 1 నుంచి సెల్‌లకు కూడా వర్తింపజేయాలని కేంద్రం నిర్ణయించడంతో, పోటీ సంస్థలు కూడా సెల్ లైన్లు పెడుతున్నాయి. కొరత వల్ల వచ్చిన లాభం ఆ కొరత తీరాక ఎంత నిలుస్తుందో, గోడ ఎత్తును ప్రభుత్వం ఎప్పుడు తగ్గిస్తుందో ముందు లెక్క వేసుకోండి.

ప్రశ్న: ఇంటి కప్పు మీద 3 కిలోవాట్లు పెట్టించాలనుకుంటున్నాము. దుకాణదారు రెండు ధరలు చెప్పి, తక్కువ ధరది తీసుకోమంటున్నాడు.
– గృహిణి, వరంగల్

జవాబు: తక్కువ ధరలోనిది బహుశా దిగుమతి సెల్‌తో చేసినది అయి ఉంటుందమ్మా. అది పెట్టిస్తే పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల రాయితీ రాదు. ప్యానెల్ మీద దేశీయ సంస్థ పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు, సెల్ కూడా దేశంలో చేసినదేనని డీసీఆర్ ధ్రువపత్రం అడిగి, అందులోని సీరియల్ నంబర్లను ప్యానెల్ వెనుక ఉన్న వాటితో పోల్చి చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.