కోతి విరిచిన పిచ్చర్ మొక్క

నల్గొండ

అల్లుడూ,

నువ్వు పంపిన పిచ్చర్ మొక్క ఫొటో రాత్రి రెండుసార్లు పెద్దది చేసి చూశాను. కొన విరిగింది, ఆకు కొసలకు వేలాడే నాలుగు కూజాల్లో మూడు చిరిగాయి, ఒక ఆకు నడిమికి చీలింది. జడ్చర్ల కోతులు జామకాయలతో ఆగవని తెలుసు గాని, దీని జోలికి కూడా వస్తాయనుకోలేదు. అయినా కోతి చేసిన దానికంటే ఆ తర్వాత నువ్వు చేసిందే నాకు టెన్షన్ పెట్టింది. గుప్పెడు వర్మీకంపోస్టు వేశానన్నావు, బోరు నీళ్లు దండిగా పోశానన్నావు. ముందు ఆ రెంటి సంగతి చూడు.

పైన వేసిన ఎరువంతా చెంచాతో తీసెయ్యి. తర్వాత వాన నీళ్లో డిస్టిల్డ్ వాటరో మూడు నాలుగు సార్లు పోసి, కుండీ అడుగు నుంచి కారిపోనియ్యి. పళ్లెంలో దిగిన నీళ్లు పారబొయ్యి. ఇది మేఘాలయలో గారో, ఖాసీ, జైంతియా కొండల మొక్క, నెపెంథిస్ ఖాసియానా. నేలలో నత్రజని దొరకదు కాబట్టే కూజాల్లో పురుగులను పట్టుకుంటుంది. గారోలు దీన్ని మేమాంగ్ కోక్సీ, అంటే దయ్యం బుట్ట, అంటారు. ఎరువుకు, ఉప్పుకు దాని వేర్లు తట్టుకోలేవు.

మా బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు, అదే నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచేది, పెడితే 900 దాటింది. ఈ మొక్కకు 50 లోపు ఉండాలి. మన ఊరి పేరుతోనే నల్గొండ టెక్నిక్ అని ఉంది కదా, నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించేది. ఆ నీళ్లూ పనికిరావు, ఫ్లోరైడ్ తగ్గినా ఉప్పులు అట్లాగే ఉంటాయి. క్యాన్ నీళ్లయినా మీటరు పెట్టి చూశాకే పొయ్యి.

ఎరువు లోపలిదాకా దిగిందనిపిస్తే మట్టి మార్చు. మట్టి అంటే మట్టి కాదు, స్ఫాగ్నమ్ నాచు, కొంచెం పర్లైట్, అదే నర్సరీలో దొరికే తేలికైన తెల్ల గుళికలు. మార్చేటప్పుడు వేర్లు నల్లగా, సన్నగా, పుటుక్కున విరిగేటట్టు కనిపిస్తాయి. భయపడకు, వాటి రంగే అది. నా మొదటి మొక్కకు కుళ్లిందనుకుని కత్తెర పట్టాను. పదిహేను రోజుల్లో మొక్కే పోయింది.

ఇక విరిగిన చోట. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, నలిగిన భాగం పోయేటట్టు, కింది కణుపుకు కాస్త పైన కొయ్యి. చీలిన ఆకు పచ్చగా ఉన్నంతవరకు ఉంచు, సగం ఆకైనా ఎండను పట్టుకుని తిండి తయారు చేస్తుంది. నల్లబడినదే తీసెయ్యి. విరిగిన కొన వాడకుండా ఉంటే పారెయ్యకు, ఆకులు సగానికి కత్తిరించి తడి నాచులో గుచ్చు. వేరు పట్టినా పట్టవచ్చు.

మొక్కకు, గుచ్చిన కొనకు రెంటికీ పైన పారదర్శక ప్లాస్టిక్ కవరు కప్పు. ఎండ మాత్రం తగలనీయకు, ఈ మే నెలలో కవరు లోపల ఉడికిపోతుంది. ఉత్తరం వైపు వరండాలో, గ్రీన్ నెట్ కింద పెట్టు. కణుపు దగ్గర కొత్త మొగ్గ పొడుచుకు రావడానికి నెలా రెండు నెలలు పట్టవచ్చు. వచ్చాక కవరును రోజూ కొంచెం కొంచెం తెరుస్తూ రెండు వారాలకు తీసెయ్యి.

కూజాలో చికెన్ ముక్క వేస్తే తేరుకుంటుందని మీ అమ్మ అన్నదట. జ్వరం మనిషికి బిర్యానీ పెట్టినట్టుంటుందని వదినకు చెప్పు. మిగిలిన కూజాలో నీళ్లు ఒలికిపోయి ఉంటే మూడో వంతు దాకా డిస్టిల్డ్ వాటర్ పొయ్యి, అంతే. చీమలు అవే వస్తాయి.

పోతే ఇంకోటి కొనుక్కుందాంలే అనకు. అడవిలో తగ్గిపోతున్నందుకే అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే సైటెస్ ఒప్పందం దీన్ని అన్నిటికంటే కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో పెట్టింది. ఎప్పుడైనా కొంటే టిష్యూ కల్చర్‌దే, అంటే ల్యాబులో పెంచిందే, కొను.

మామయ్య ఆదివారం అటు వస్తున్నాడు. నాచు, మొన్నటి గాలివానకు పట్టిన అయిదు లీటర్ల నీళ్లు పంపిస్తున్నాను. క్యాన్ మీద పెద్దక్షరాలతో ‘మొక్కకు’ అని రాశాను, వదిన పప్పులో పోసేస్తుందని.

మీ అత్త