బండి నల్లపొగ కక్కుతోంది... ‘పాత బండి అంతే’ అంటే సరిపోతుందా?

సందేహం: నాది గుంటూరు. నాన్నగారు వాడిన 2003 మోడల్ స్ప్లెండర్ స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తుంటే విజయవాడ ఆటోనగర్‌లో ఒక షాపులో చూపించాను. కార్బురేటర్ కడిగి, జెట్లు (పెట్రోలును కొలతగా వదిలే సన్న రంధ్రమున్న చిన్న ముక్కలు) కొత్తవి వేశామని 2,800 రూపాయలు తీసుకున్నారు. డబ్బు ఫోన్‌పేలో పంపాను, బిల్లు ఇవ్వలేదు. అప్పటినుంచి నల్లపొగ, పెట్రోలు వాసన. మైలేజీ సగానికి పడిపోయింది. అంతకుముందు పాసైన బండి ఇప్పుడు పొల్యూషన్ టెస్టులో ఫెయిలైంది. అడిగితే ‘పాత బండి అంతే సార్’ అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. డబ్బు కట్టి పని చేయించుకున్నారు కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు వినియోగదారుడే. బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఫోన్‌పే రసీదు, షాపుతో నడిచిన వాట్సాప్ మెసేజీలు డిలీట్ చేయకండి.

అయితే కోపంతో ఈరోజే ఇంకో మెకానిక్‌కి బండి ఇచ్చేయకండి. సేవాలోపం ఉందని నిరూపించాల్సింది ఫిర్యాదుదారుడేనని ఎస్‌జీఎస్ ఇండియా కేసులో 2021లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బండి బాగుపడిందంటే మీ సాక్ష్యం కూడా దాంతోపాటే పోయినట్టు.

అవతలివాళ్లు వయసు మీదకే నెడతారు. దానికి జవాబు ఇంజిన్‌లోనే ఉంది. పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ కాలితే పొగ నీలంగా వస్తుంది, స్పార్క్ ప్లగ్ మీద తడి జిడ్డు ఉంటుంది. పెట్రోలు ఎక్కువైతే పొగ నల్లగా వస్తుంది, ప్లగ్ కొన మీద పొడి మసి పేరుకుంటుంది, వేలితో రాస్తే అంటుకుంటుంది. ప్లగ్ విప్పిన వెంటనే ఫోటో తీయించండి. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా పెట్రోలు ఎక్కువవుతుంది. ముందు దాన్ని శుభ్రం చేయించి చూడండి, లేకపోతే రేపు వినియోగదారుల కమిషన్‌లో అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆ తర్వాత అనుభవమున్న మెకానిక్ ఎదురుగా కార్బురేటర్ విప్పించండి. జెట్ మీద దాని రంధ్రం సైజు నంబరు చెక్కి ఉంటుంది. ఆ మోడల్‌కి కంపెనీ చెప్పిన నంబరు కంటే పెద్దది వేశారా? జెట్‌లోంచి వెళ్లే పెట్రోలును తగ్గించి పెంచే సూదిని నీడిల్ అంటారు, దాని క్లిప్పును కింది గాడిలో పెట్టారా? అలా పెడితే నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా? ఫ్లోట్ లెవెల్, అంటే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం సరిగా ఉందా? చూసింది చూసినట్టు తేదీతో రాసి సంతకం చేయమనండి. అవసరమైతే ఆయన ప్రమాణపత్రం కూడా ఇవ్వాల్సి ఉంటుంది. తీసేసిన జెట్‌ను కవర్లో పెట్టి దాచండి. ఇవన్నీ అయ్యాక నిశ్చింతగా రిపేరు చేయించుకోండి, కేసు కోసం బండి మూలన పెట్టక్కర్లేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నీడిల్ దిగే జెట్ (నీడిల్ జెట్) ఏళ్ల వాడకంతో అరిగిందని తేలితే కేసు బలహీనపడుతుంది. కొత్తగా వేసిన జెట్ నంబరే తప్పయితే మాత్రం ‘పాత బండి’ అన్న మాట నిలవదు.

మీ చేతిలో ఉన్న గట్టి కాగితాలు ఆ రెండు పొల్యూషన్ స్లిప్పులు. 2000 మార్చి తర్వాత తయారైన మీలాంటి ఫోర్‌స్ట్రోక్ బండికి కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3.5 శాతం. పెట్రోలు ఎక్కువైతే పెరిగేది ఆ అంకే. రిపేరుకు ముందు పరిమితిలో ఉండి, తర్వాత దాటితే ఏ నోటిమాటకన్నా అదే బలమైన సాక్ష్యం.

ముందు షాపుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. కదలకపోతే విజయవాడ వెళ్లే పని లేదు, మీరు నివసించే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. కట్టిన డబ్బు, మళ్లీ చేయించిన రిపేరు ఖర్చు, కేసు ఖర్చులతో పాటు కొంత పరిహారం అడగండి. లక్షల్లో అడిగితే న్యాయమైన మొత్తం మీద కూడా అనుమానం వస్తుంది.

ఈలోగా పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా బండి తీయకండి. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సు మూడు నెలలు రద్దయ్యే అవకాశం ఉన్నాయి. తప్పు షాపుదే అయినా ఆ కేసు నడిపినవారి మీదే పడుతుంది.