‘మిస్క్రియంట్’ అంటే అసలు అర్థం ఏమిటి? ఎక్కడ వాడాలి?

ఇంగ్లిష్ పేపర్లలో ‘అన్‌ఐడెంటిఫైడ్ మిస్క్రియంట్స్’ అని చూస్తుంటాం కదా, మన పేపర్ల భాషలో అది ‘గుర్తు తెలియని దుండగులు’. విగ్రహం ధ్వంసం చేసినవాళ్లు, బస్సు అద్దాలు పగలగొట్టినవాళ్లు, ఇలా ఎవరో తెలియకపోయినా చెడ్డపని చేశారని తెలిసినప్పుడు ఈ మాట వస్తుంది.

దీని పుట్టుకకు నేరంతో సంబంధం లేదు. పాత ఫ్రెంచ్‌లో ‘మెస్‌క్రెయాంట్’ అంటే తప్పుడు నమ్మకం ఉన్నవాడు, అంటే మతభ్రష్టుడు, అన్యమతస్థుడు. ‘నమ్ము’ అనే అర్థమున్న ‘క్రేడెరె’ అనే లాటిన్ ధాతువు ఇందులో ఉంది. మనం రోజూ అనే ‘క్రెడిట్’ కూడా అక్కడిదే. ఆ రోజుల్లో చర్చి చెప్పింది నమ్మనివాడు ఎలాగూ దుర్మార్గుడే అనుకునేవారు కాబట్టి, 16వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లిష్‌లో ‘నీచుడు’ అనే అర్థం స్థిరపడింది. షేక్‌స్పియర్ ‘రిచర్డ్ 2’ నాటకంలో ఒక ప్రభువు ఇంకో ప్రభువును రాజు ఎదుటే ద్రోహి, మిస్క్రియంట్ అని తిడతాడు.

ఇది అవతలివాళ్ల మీద ముద్ర వేసే మాట, అది మాత్రం గుర్తుంచుకోవాలి. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో స్వాతంత్ర్యం కోసం పోరాడిన ముక్తి బాహిని వాళ్లను పాకిస్తాన్ ప్రభుత్వం ‘మిస్క్రియంట్స్’ అనే పిలిచేది!

బ్రిటన్, అమెరికాల్లో మామూలు మాటల్లో ఇది తక్కువే, కాస్త పాతబడినట్టు వినిపిస్తుంది. కేసు నమోదై, మనిషి పేరు బయటికొచ్చాక మాత్రం ‘అక్యూజ్డ్’ అనండి, అంటే నిందితుడు. కోర్టు తేల్చాకే దోషి.