ఐర్లండ్ పూర్వీకులను వెతికేవారు ముందుగా ఊరి పేరు సంపాదించాలి

మీ అమ్మమ్మగారి తాత ఐర్లండ్ నుంచి సైనికుడిగా సికింద్రాబాద్ వచ్చారనీ, ఆయన కార్క్ కౌంటీకి (మన జిల్లాలాంటి ప్రాంతం) చెందిన సల్లివాన్ అన్నంతవరకే తెలుసుననీ, అక్కడి చర్చి పుస్తకాలు, సమాధి రాళ్ల ఆధారంగా అంతకు ముందు తరాలను కనుక్కోవచ్చా అనీ అడిగారు. కనుక్కోవచ్చు, కానీ ఇంటిపేరుతో మొదలుపెట్టవద్దు. నేను పన్నెండేళ్లుగా కార్క్‌లో ఉంటున్నాను. మా అత్తగారి పుట్టింటివారు ఆ కౌంటీ పడమటి కొసన ఉన్న బేరా ద్వీపకల్పానికి చెందినవారు. అక్కడ సల్లివాన్‌లు ఎంతమంది అంటే, ఒక శాఖను మరొక శాఖ నుంచి గుర్తుపట్టడానికి ఇంటిపేరు వెనుక ఇంకో మారుపేరు తగిలించి పిలుచుకుంటారు.

ఇంత కష్టం ఎందుకంటే, 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లోనే, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ప్రాంగణంలో ఉన్న రికార్డుల భాండాగారం తగలబడిపోయింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనగణనల పత్రాలు దాదాపుగా అందులోనే బూడిదయ్యాయి. 1861, 1871 నాటివాటిని ప్రభుత్వం అంతకు ముందే ధ్వంసం చేయించింది. 1881, 1891 నాటివి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితపు గుజ్జుగా మారిపోయాయి. ఆ రకంగా, పూర్తిగా మిగిలిన జనగణనల్లో అన్నిటికన్నా పాతది 1901 నాటిదే. అందరి జననమరణాలను ప్రభుత్వం నమోదు చేయడం 1864లో గాని మొదలుకాలేదు. అంతకు ముందు పుట్టిన సామాన్య కతోలిక రైతు పేరు దొరకాలంటే ఆ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊళ్లు) విచారణ గురువు, అంటే అక్కడి పాదిరి, రాసుకున్న జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకమే దిక్కు. ఆ పుస్తకాలు డబ్లిన్‌కు పంపకుండా చర్చిల్లోనే ఉంచినందువల్ల బతికిపోయాయి. వాటిలో సుమారు 1880 వరకు ఉన్న పేజీల బొమ్మలను ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015 నుంచి అంతర్జాలంలో ఉచితంగా చూపిస్తోంది. ఉచితంగా దొరికేదాన్ని చూడకుండా, ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని డబ్బు కట్టి తెచ్చుకుని తమదిగా అతికించుకునేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఇంటిపేరుకు ఒక వంశచిహ్నం అంటూ అమ్మే పటాలకైతే మీ కుటుంబంతో ఏ సంబంధమూ ఉండదు.

మన ఇళ్లలో తర్పణం వదిలేటప్పుడు మూడు తరాల పేర్లు నోటితో చెప్పాలి కనుక అవి ఎలాగో గుర్తుంటాయి. మా అత్తగారికి మాత్రం నాయనమ్మ తండ్రి పాట్రిక్ సల్లివాన్ అనీ, ఆయన తండ్రిని డార్బీ అనేవారనీ తప్ప ఇంకేమీ తెలియదు. మేము మొదటి ఏడాదంతా కార్క్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి) పుస్తకాలు తిరగేసి వృథా చేసుకున్నాం. బేరాలో ఎక్కువ భాగం కార్క్ కౌంటీలో ఉన్నా, చర్చి లెక్కలో ఆ పారిష్‌లు పొరుగున ఉన్న కెర్రీ మేత్రాసనానికి చెందుతాయి. సరైన పుస్తకాలు చేతికి వచ్చాక కూడా, డార్బీ అన్న పేరు ఒక్కచోటా కనిపించక మరో ఏడాది గడిచింది. చివరికి దూరపు బంధువు ఒకావిడ ఆ నాయనమ్మ పుట్టిన టౌన్‌ల్యాండ్ పేరు చెప్పారు. టౌన్‌ల్యాండ్ అంటే కొన్ని ఇళ్లు, వాటి పొలాలు కలిసిన చిన్న హద్దు. దేశం మొత్తంలో అవి అరవై వేలకు పైగా ఉన్నాయి. ఆ పేరుతో 1901 జనగణన చూడగానే పాట్రిక్ దొరికాడు. అక్కడి వారిని ఏ శ్మశానంలో పూడ్చేవారో ఆ దారిలో గొర్రెలు తోలుకెళుతున్న ఒక పెద్దాయన చెప్పారు.

సెప్టెంబరు నెల, సాయంత్రం. కప్పు లేని పాత చర్చి గోడల మధ్య నడుము లోతు గడ్డిలో ఆ రాయి ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎదురుగా నిలబడి చూస్తే నాచు మచ్చలు తప్ప ఏమీ లేవు. మా ఆయన కారులోంచి అద్దం తెచ్చి, వాలుతున్న ఎండ రాతి మీద అంచు వెంబడి ఏటవాలుగా పడేలా పట్టుకున్నారు. అప్పుడు అక్షరాల గుంటల్లో నీడ నిలిచింది. నేను వేలు ఆనించకుండా ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతుంటే మా అత్తగారు కాగితం మీద రాసుకున్నారు. రాతి మీద ఉన్నది ఇదీ: తన తండ్రి డార్బీ సల్లివాన్, మరణం 1872, వయసు 84. తల్లి హొనోరా హారింగ్టన్. నిలిపినవాడు కొడుకు పాట్రిక్. "డార్బీ" దగ్గరకు వచ్చేసరికి ఆవిడ చేయి ఆగిపోయింది. తల్లి పుట్టింటి ఇంటిపేరు రాతి మీద ఉండడం మాకు దక్కిన అదృష్టం.

ఆ రాత్రే పుస్తకంలో హారింగ్టన్ పేరుతో వెతికితే 1841లో పాట్రిక్ జ్ఞానస్నానం దొరికింది. తండ్రి పేరు లాటిన్‌లో "జెరెమియాస్" అని ఉంది. డార్బీ అన్నది డియర్మిద్ అనే ఐరిష్ పేరుకు వాడుక రూపం. కార్క్, కెర్రీ గురువులు దాన్ని పుస్తకంలో జెరెమియాస్‌గా రాసేవారు. ఏడాదిగా మేము కళ్ల ముందున్న పేరునే దాటుకుంటూ పోయామన్నమాట. జ్ఞాన తండ్రి, అంటే జ్ఞానస్నానంలో బిడ్డకు సాక్షిగా నిలిచినవాడు, కూడా హారింగ్టనే. మనలాగే వారూ పెద్ద కొడుక్కి తండ్రివైపు తాత పేరు, రెండోవాడికి తల్లివైపు తాత పేరు పెట్టే ఆనవాయితీ ఉంది కనుక, ఆ దంపతుల పెద్ద కొడుకు పేరును పట్టుకుని ఇప్పుడు డార్బీ తండ్రి కోసం వెతుకుతున్నాం.

రాతి మీది వయసును నమ్మకండి. ప్రభుత్వ మరణ నమోదులో డార్బీ వయసు 76. పాట్రిక్ అయితే 1901 జనగణనలో 58 ఏళ్లవాడు, 1911లో 74 ఏళ్లవాడు. 1909 జనవరి నుంచి డెబ్బై నిండినవారికి వృద్ధాప్య పింఛను ఇవ్వడం మొదలైంది. జనన పత్రాలు లేని ఆ తరంలో చాలామంది వయసు ఆ పదేళ్లలో అలాగే పెరిగింది. ఇంకో విన్నపం: రాళ్లను తీగబ్రష్‌తో గీకకండి, పిండి గాని సుద్ద గాని రుద్దకండి. డార్బీ పక్క రాయిని ఎవరో అలా గీకినందువల్ల సగం వాక్యం శాశ్వతంగా పోయింది. పేదలకైతే పేరు చెక్కిన రాయే లేదు, పొలంలోని బండ ఒకటి తల దగ్గర పాతేవారు. అటువంటివి ఆ శ్మశానంలో వరుసలుగా ఉన్నాయి.

మీ విషయంలో ఐర్లండ్ పుస్తకాలు తెరవడానికి ముందు ఆయన సైన్యం కాగితాలు చూడండి. పింఛనుతో విడుదలైన సైనికుల పత్రాలు లండన్‌లో క్యూ దగ్గరి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటిలో పుట్టిన పారిష్ పేరు రాసేవారు. ఆయన మన దేశంలో పెళ్లి చేసుకుని ఉంటే, మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నుంచి వెళ్లిన వివాహాల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పారిష్ పేరు తేలాక రాయండి, అది బేరాలోనిదే అయితే ఆ శ్మశానాలకు నేనే వెళ్లి చూసి వస్తాను.