శ్రుతి తప్పినా పాడండి

ప్రశ్న: పాపకు మూడేళ్లు, బాబుకు పది నెలలు. మా ఇద్దరికీ పాడటం రాదు. ఫోనులో పాటలు పెడితే చాలదా?

జవాబు: చాలదు తల్లీ. బాబు కేరింత కొడితే ఫోను ఆగి వినదు. ఆరో నెల దాటేసరికే కడుపులోంచి మీ గొంతు విన్నాడు వాడు. మీ శ్రుతితో వాడికేం పని?

ముప్పయ్యేళ్లు సంగీతం నేర్పిన నేను, మా అబ్బాయికి నేర్పిన మొదటి పాట మేజోళ్లది. ‘కుడి కాలు దూరింది, ఎడమ కాలు ఏదీ?’ అంతే, రెండు స్వరాలు. రాగమని చెప్పుకోవడానికి నాకే సిగ్గు! కానీ వాడు పాట మొదలవగానే కాలు చాచేవాడు. మీరూ స్నానానికొకటి, నిద్రకొకటి కట్టండి. నిద్రపాట నెమ్మదిగా సాగాలి.

పాప ఒకే పాట ఇరవై సార్లు అడిగితే విసుక్కోకండి. చివరి మాట వదిలేయండి, తనే అందుకుంటుంది. కాస్త పై శ్రుతిలో పాడండి, పిల్లల గొంతు మన కింది స్వరాలకు దిగదు. మీ వారికి గిన్నె, గరిటె ఇచ్చి తాళం అప్పగించండి. సంగీతం క్లాసు సంగతి తర్వాత చూడవచ్చు.