ఆఫీసు టెన్షన్ సంగతి తర్వాత, ముందు ఆ టాబ్లెట్ సంగతి చూద్దాం

ప్రశ్న: నా వయసు 36. హనుమకొండలో ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్ సెక్షన్‌లో చేస్తున్నాను. టార్గెట్లు, నెలాఖరు ప్రెషర్ వల్ల బాగా టెన్షన్‌గా ఉంటోంది, గుండె దడ, నిద్ర పట్టదు. కొలీగ్ చెప్తే ఐదు నెలల నుంచి రోజూ రాత్రి అల్ప్రాజోలం 0.25 వేసుకుంటున్నా, ఈ మధ్య అది పనిచేయక 0.5 చేశాను. మెట్లెక్కితే ఛాతీ బరువుగా ఉంటుంది, గ్యాస్ అనుకుంటా. నాన్నగారికి 52 ఏళ్లకి స్టెంట్ వేశారు. కుర్చీలో కూర్చునే స్ట్రెస్ తగ్గించుకునే సింపుల్ చిట్కాలు చెప్పగలరు.

జవాబు: చిట్కాలు చెప్తాను, కానీ చివర్లో. మీరు రాసినదాంట్లో నన్ను కంగారు పెట్టినవి రెండున్నాయి, ఆ రెండూ మీరు మాటవరసకి రాసినట్టు రాసి వదిలేశారు.

ముందు ఛాతీ బరువు. మెట్లెక్కినప్పుడో గబగబా నడిచినప్పుడో వచ్చి, కాసేపు ఆగితే తగ్గిపోయే బరువుని గ్యాస్ అని మీకు మీరే తేల్చేసుకోకూడదండీ. పైగా నాన్నగారికి 52కే స్టెంట్ అంటున్నారు, తండ్రికో అన్నదమ్ముల్లో ఒకరికో 55 లోపు గుండెజబ్బు వస్తే మేం దాన్ని రిస్కు కిందే లెక్కేస్తాం. మీది టెన్షన్ వల్ల వచ్చిందే అయ్యుండొచ్చు, నేను కాదనట్లేదు, కానీ చూడకుండా నేనూ చెప్పలేను మీరూ చెప్పుకోలేరు. ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి బీపీ, ఈసీజీ చూపించుకోండి. ఈసీజీ నార్మల్ అనగానే ఇంటికొచ్చేయకండి, పడుకోబెట్టి తీసిన ఈసీజీలో నడిస్తే వచ్చే ఇబ్బంది కనపడకపోవచ్చు, మెట్లెక్కితేనే వస్తోందని గట్టిగా చెప్పండి, ట్రెడ్‌మిల్ టెస్టు కావాలా ఎకో (గుండె స్కానింగ్) కావాలా అనేది వాళ్లు చూసుకుంటారు. అప్పుడే రక్తం ఇచ్చి థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, కొలెస్ట్రాల్ కూడా చేయించేయండి, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా రక్తం తక్కువున్నా దడ వస్తుంది, దాన్ని ఆఫీసు టెన్షన్ అనుకుని నెలలు గడిపేసినవాళ్లని ఓపీలో చూస్తూనే ఉంటాం. ఒకవేళ ఊరికే కూర్చున్నప్పుడు బరువు వచ్చి తగ్గకపోయినా, చెమటలు పట్టినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి, బండి మీరే నడుపుకుంటూ వెళ్లొద్దు.

ఇక అల్ప్రాజోలం. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, 2014 నుంచి ఉన్న రూల్ ప్రకారం చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే మెడికల్ షాపువాళ్లు రిజిస్టర్‌లో పేషెంట్ పేరు, రాసిన డాక్టర్ పేరు ఎక్కించాలి. మీకు ఐదు నెలలుగా ఎలా దొరుకుతోందో నేను అడగను గానీ, కొలీగ్‌కి రాసిన మందు కొలీగ్‌కే, ఆయన బరువు, ఆయన జబ్బు, ఆయన వాడే మిగతా మందులు చూసి రాసింది అది. 0.25 పనిచేయక 0.5కి వెళ్లారంటే అలవాటు మొదలైందన్నమాట. ఇది రోజూ వాడితే కొన్ని వారాల్లోనే శరీరం దానిమీద ఆధారపడుతుంది, పవర్ తగ్గిపోయే టైముకి మళ్లీ దడ, చిరాకు, చేతులు వణకడం మొదలవుతాయి, మీరేమో స్ట్రెస్ పెరిగిందనుకుని ఇంకో సగం వేసుకుంటారు.

ఇక్కడ చాలా ముఖ్యమైన మాట. ఇది చదివి భయపడి ఈ రాత్రి నుంచే టాబ్లెట్ మానేయకండి. ఐదు నెలలు వాడి సడన్‌గా ఆపితే నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. మన తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ మందు కూడా ఉంటుంది, 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసేశాక ఎంతమంది పిచ్చిపట్టినట్టు అయిపోయి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి చేరారో పేపర్లలో మీరూ చదివే ఉంటారు. డోసు ఎంత, ఎన్ని వారాల్లో ఎలా తగ్గించాలి అనేది సైకియాట్రిస్టు మిమ్మల్ని చూసి చెప్పాలి, నేనిక్కడ అంకెలు రాస్తే మీలాగే వాడుతున్న ఇంకొకరు అవే ఫాలో అయిపోతారు, అందుకే రాయట్లేదు. అప్పటిదాకా డోసు పెంచొద్దు, ఆ టాబ్లెట్ వేసుకునే రోజుల్లో బీరైనా సరే ముట్టొద్దు, రెండూ కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. దడకి ప్రొప్రనలాల్ బాగుంటుందని ఇంకెవరో చెప్తారు, అదీ అడక్కుండా వేసుకోవద్దు, ఆస్తమా ఉన్నవాళ్లకి అది ప్రమాదం.

సైకియాట్రిస్టు అనగానే నలుగురు ఏమనుకుంటారో అని ఐదు నెలలు లాగారేమో, నాకలాగే అనిపిస్తోంది. ఊళ్లో వెళ్లడానికి మొహమాటమైతే ముందు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఫ్రీ, ఏ టైములోనైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు. కానీ మందు తగ్గించడానికి మాత్రం డాక్టర్ని కలవాల్సిందే.

మీరడిగిన చిట్కాలు. రోజుకి ఎన్ని టీలు, కాఫీలు తాగుతున్నారో రాయలేదు, బ్యాంకు ఉద్యోగం కాబట్టి కస్టమర్ వచ్చినప్పుడల్లా ఒకటి అయ్యే ఉంటుంది, మధ్యాహ్నం రెండు తర్వాత ఆపేసి చూడండి, కాఫీలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, మరి రాత్రి నిద్ర ఎలా పడుతుంది. దడ మొదలైనప్పుడు ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి, ఐదు నిమిషాలు చేస్తే చాలు, కౌంటర్లో కూర్చుని కూడా చేయొచ్చు ఎవరికీ తెలియదు. లంచ్ సిస్టమ్ ముందు కూర్చుని తినకండి. రాత్రి పదయ్యాక బ్రాంచ్ వాట్సాప్ గ్రూపు మ్యూట్‌లో పెట్టండి, టార్గెట్ పొద్దున్నకి కూడా అక్కడే ఉంటుంది. సాయంత్రం అరగంట నడక మంచిదే, కానీ మీ విషయంలో అది గుండె పరీక్షలు అయ్యాకే, ఆఫీసులో మెట్లు కూడా అప్పటిదాకా వద్దు, లిఫ్టే వాడండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పుడు వాడుతున్న స్ట్రిప్పులన్నీ, గ్యాస్‌కి వేసుకునేవైనా సరే, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, ఎన్నాళ్లుగా ఎంత వేసుకుంటున్నారో తగ్గించి చెప్పకండి, నాన్నగారి స్టెంట్ రిపోర్టులు ఇంట్లో ఉంటే అవీ పట్టుకెళ్లండి.