మర్లాక్‌ల చెరువు దగ్గర ఏడు చావులు

ఆన్‌లైన్ ఆటల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే ఆట గురించి: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్. 2004లో వచ్చిన ఆటను 2019లో మళ్లీ పాత పద్ధతుల్లోనే విడుదల చేశారు కదా, అది. నాకూ ఇష్టమైన ఆటే కాబట్టి ఈ సంచికకు మిగతా ఉత్తరాలు పక్కన పెట్టాను.

ప్రశ్న: ఇలాంటి ఆటలు నాకు కొత్త. మనిషి జాతి మేజ్‌తో (మంత్రగాడి పాత్ర) మొదలుపెట్టి ఎల్విన్ ఫారెస్ట్ అనే అడవి ప్రాంతంలో 8వ లెవెల్‌కి వచ్చాను. మనకన్నా పై లెవెల్ శత్రువుని కొడితే ఎక్స్‌పీ (లెవెల్ పెరగడానికి కావాల్సిన అనుభవం పాయింట్లు) ఎక్కువ వస్తుందని విని, తూర్పు వైపు చెరువు దగ్గర 10వ లెవెల్ మర్లాక్‌ల (చేపల్లాంటి జీవుల) మీదికి వెళ్లాను. ఒక్క సాయంత్రంలో ఏడుసార్లు చచ్చాను. లెవెల్ మాత్రం పెరగలేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: ఏడేనా? అదే చెరువు దగ్గర నా ప్రీస్ట్ పాత్ర ఎన్నిసార్లు చచ్చిందో నేను తొమ్మిది దాకా లెక్కపెట్టి మానేశాను. కాబట్టి సిగ్గుపడకండి.

మీరు విన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ ఎక్కువ ఎంతో ఎవరూ చెప్పి ఉండరు. 8వ లెవెల్‌లో ఉన్న మీకు 8వ లెవెల్ శత్రువుని చంపితే 85 ఎక్స్‌పీ వస్తుంది. ఒక్కో లెవెల్ పైకి పోయే కొద్దీ 5 శాతం కలుపుతారు. అంటే మీ 10వ లెవెల్ మర్లాక్‌కి వచ్చేది 93. మీరు 9కి చేరాలంటే 5,400 కావాలి. సమాన లెవెల్ వాటిని కొడితే 64 చంపాలి, మర్లాక్‌లనైతే 59. మీకు మిగిలింది ఐదు పోరాటాలు. ఆ ఐదింటి కోసం ఏడుసార్లు చచ్చారు!

పోనీ ఒక మెట్టు దిగి 7వ లెవెల్ వాటిని కొడితే? ఒక్కోదానికి 71 వస్తుంది. సుమారు 77 చంపాలి. సంఖ్య పెద్దదే, కానీ అవి తొందరగా పడిపోతాయి, మీ మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) సగం కూడా ఖర్చు కాదు, లేచి వెంటనే ఇంకోదాని మీదికి పోవచ్చు. పైగా మనకన్నా పెద్ద లెవెల్ శత్రువు మనల్ని ఎక్కువ దూరం నుంచే పసిగడుతుంది. ఒకదాన్ని కొడదామని వెళ్తే మూడు వచ్చేది అందుకే.

నేనొకసారి గడియారం పక్కన పెట్టుకుని చూశాను. గంటసేపు ఆడితే నిజంగా కొట్టింది 22 నిమిషాలే. మిగతాదంతా నడక, మానా నింపుకోవడానికి కూర్చుని నీళ్లు తాగడం, నిండిన బ్యాగు ఖాళీ చేసుకోవడానికి ఊళ్లోకి పోవడం, చచ్చాక దెయ్యంగా మారి, మళ్లీ బతకడానికి శవం దాకా పరుగెత్తడం. ఆ రోజు నుంచీ ఏ శత్రువు ఎంత ఎక్స్‌పీ ఇస్తుందో చూడటం మానేసి, ఆ 38 నిమిషాల మీద పడ్డాను. చిన్న లెవెల్స్‌లో తేడా అంతా అక్కడే ఉంది.

మొదట మానా సంగతి. మానా ఖర్చయ్యే మంత్రం వేశాక ఐదు సెకన్ల దాకా, స్పిరిట్ అనే గుణం వల్ల తిరిగి నిండాల్సిన మానా నిండదు. ఐదు సెకన్లు ఆగితే మొదలవుతుంది. కొత్తవాళ్లు శత్రువు చచ్చేదాకా ఫ్రాస్ట్‌బోల్ట్, ఫైర్‌బాల్ మంత్రాలు వేస్తూనే ఉంటారు, తర్వాత కూర్చుని నీళ్లు తాగుతారు. వాండ్‌తో (మంత్రదండం) కొట్టడానికి మానా అక్కర్లేదు, ఆ ఐదు సెకన్ల లెక్కకూ అడ్డు రాదు. కాబట్టి దూరం నుంచి రెండు మూడు మంత్రాలతో శత్రువు ప్రాణం సగానికి పైగా తీసేయండి, మిగతాది వాండ్‌తో కొట్టండి. అది చచ్చేలోపు మీ మానా కొంత నిండుతూ ఉంటుంది. ఎన్‌చాంటింగ్ (వస్తువులకు మంత్రశక్తి ఎక్కించే విద్య) నేర్చినవాళ్లు లెసర్ మ్యాజిక్ వాండ్ అని ఒకటి చేస్తారు. 5వ లెవెల్ నుంచే పట్టుకోవచ్చు. ఆటగాళ్లు వస్తువులు అమ్ముకునే ఆక్షన్ హౌస్‌లో వెతకండి, లేదా స్టార్మ్‌విండ్ నగరంలో ఎన్‌చాంటర్ ఎవరైనా ఉన్నారా అని చాట్‌లో అడగండి. మొదటి పది లెవెల్స్‌లో నేను డబ్బు పెట్టి కొన్న వస్తువు అదొక్కటే. 13వ లెవెల్‌కి దాని అన్న గ్రేటర్ మ్యాజిక్ వాండ్ వస్తుంది. అప్పుడు అదీ కొన్నాను.

ఇక మర్లాక్‌లు. ప్రాణం తక్కువయ్యాక పారిపోవడం వాటి అలవాటు. పారిపోయేది ఊరికే పోదు, చుట్టాలను వెంటబెట్టుకుని వస్తుంది. అక్కడి మిగతా శత్రువులు కోబోల్డులూ, నోల్‌లూ, డిఫియాస్ దొంగలూ ఇంతే. రెండు పనులు చేయండి. దూరం నుంచి ఒక మంత్రం వేసి, వెనక్కి నడిచి, అప్పటికే ఖాళీ చేసిన చోటికి దాన్ని రప్పించి అక్కడ కొట్టండి. ఒక ఫ్రాస్ట్‌బోల్ట్‌కి సరిపడా మానా చివరిదాకా దాచుకోండి. అది పారిపోవడానికి వెనక్కి తిరగ్గానే వేస్తే కాళ్లు ఈడ్చుకుంటూ పోతుంది, గుంపును చేరేలోపు వాండ్ దాని పని పూర్తి చేస్తుంది. మీరు 8వ లెవెల్ కాబట్టి శత్రువుని గొర్రెను చేసే పాలీమార్ఫ్ మంత్రం కూడా నేర్చుకుని ఉండాలి. రెండు మర్లాక్‌లు వస్తే ఒకదాన్ని గొర్రెను చేసి పక్కన పెట్టండి. గొర్రెగా ఉన్నంతసేపూ దానికి ప్రాణం గబగబా నిండిపోతుంది, అందుకని సగం కొట్టినదాన్ని కాకుండా రెండోదాన్ని చేయండి. ఈ తప్పు నేను చూస్తుండగా ఒక మేజ్ మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ నాకు నవ్వాగలేదు, అప్పటికి నేనూ దెయ్యంగానే ఉన్నాను కాబట్టి అతనికి వినపడలేదు.

నడక తగ్గించే సంగతి ఇంకొకటి. గోల్డ్‌షైర్ ఊళ్లో క్వెస్టులు (ఆటలోని మనుషులు అప్పగించే పనులు) ఒక్కొక్కటే తీసుకుని, చేసి, తిరిగి వచ్చి, మళ్లీ ఇంకోటి తీసుకుంటే అదే దారి తొక్కీ తొక్కీ అరిగిపోతుంది. ఫార్గోడీప్ మైన్ అనే గనినే చూడండి. అక్కడి కోబోల్డుల దగ్గర కొవ్వొత్తులు తెమ్మని ఒకరు, బంగారు పొడి తెమ్మని ఇంకొకరు, గనిలోకి వెళ్లి చూసి రమ్మని మార్షల్ డూగన్ అడుగుతారు. ముగ్గురూ గోల్డ్‌షైర్‌లోనే ఉంటారు. మూడూ కలిపి తీసుకుంటే ఒక్కసారి వెళ్లినందుకే మూడు పనులూ అవుతాయి. నేను మొదటిసారి ఆ గనిలోకి మూడుసార్లు వెళ్లాను. నన్ను చూసి కోబోల్డులే విసుక్కుని ఉంటాయి.

కొత్త ఊరు చేరగానే, అక్కడ పని ఉన్నా లేకపోయినా, ఫ్లైట్ మాస్టర్‌తో (ఊళ్ల మధ్య ఎగిరి వెళ్లే ఏర్పాటు చేసేవాడు) మాట్లాడి దారి తెరిపించుకోండి. ఎల్విన్ తర్వాత మీరు వెళ్లేది వెస్ట్‌ఫాల్‌కే. అక్కడ సెంటినెల్ హిల్‌లో ఫ్లైట్ మాస్టర్ ఉంటాడు. 'తర్వాత చూద్దాంలే' అనుకుని అతని పక్క నుంచే నడిచి వెళ్లి, హార్త్‌స్టోన్‌తో (మన సత్రానికి క్షణాల్లో చేర్చే రాయి) గోల్డ్‌షైర్‌కి వచ్చేసి, తెల్లారి ఆ దారంతా మళ్లీ నడిచిన మనిషిని నేను. హార్త్‌స్టోన్‌ను ఒకసారి వాడితే మళ్లీ గంట ఆగాలని గుర్తుపెట్టుకుని, ఊళ్లో చేయాల్సిన పనులు పోగయ్యాకే దాన్ని ముట్టుకోండి. ట్రైనర్ దగ్గర కొత్త మంత్రాలు ఎక్కువగా సరి సంఖ్య లెవెల్స్‌లో వస్తాయి. 9కి రాగానే ఊళ్లోకి పరుగెత్తకండి, 10కి వెళ్లండి.

ప్రశ్న: నా స్నేహితుడు 60వ లెవెల్. నాది 15. 'నేనొచ్చి నీ శత్రువులన్నిటినీ ఒక్క దెబ్బకి చంపేస్తాను, నువ్వు వెనకాల నడువు చాలు' అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: మొహమాటం లేకుండా వద్దనండి. గ్రూపులో ఎక్స్‌పీ సమానంగా పంచరు, లెవెల్స్ నిష్పత్తిలో పంచుతారు. 15, 60 కలిపితే 75. మీ వాటా ఐదో వంతు. మిగతా నాలుగు వంతులూ అతని ఖాతాలోకి, అంటే గాల్లోకి. 60 దాటి అతను ఎక్కడికీ పోలేడు కదా.

కానీ ఆ స్నేహితుడిని వదులుకోకండి. అతన్ని బ్యాగులు అడగండి. మొదట మీకు ఉండేది 16 గదుల బ్యాక్‌ప్యాక్ ఒక్కటే, పక్కన నాలుగు ఖాళీ చోట్లు. వాటిలో నాలుగు లినెన్ బ్యాగులు పెట్టుకున్నా ఒక్కోదానికి ఆరేసి చొప్పున మొత్తం 40 గదులు అవుతాయి. 60వ లెవెల్ వాడు ఇంకా పెద్దవే ఇవ్వగలడు, అతనికది చిల్లర ఖర్చు. బ్యాగు ఎంత ఆలస్యంగా నిండితే ఊరికి అంత తక్కువసార్లు తిరుగుతారు. నా మాట నమ్మండి, అతని కత్తి కన్నా అతని బ్యాగులే మిమ్మల్ని త్వరగా 20కి చేరుస్తాయి.

మీ లెవెల్ వాళ్లే ఇద్దరు ముగ్గురు దొరికితే మాత్రం కలవండి. 'పదిమందిని చంపు' లాంటి క్వెస్టుల్లో ఒకరు చంపినా అందరికీ లెక్క పడుతుంది. 'పది వస్తువులు తే' రకంలో ఎవరివి వాళ్లకే కావాలి కాబట్టి అక్కడ గుంపు వల్ల పని పెరుగుతుంది.

ప్రశ్న: నేను శని, ఆదివారాలు మాత్రమే ఆడగలను. రోజూ ఆడేవాళ్లతో ఎప్పటికీ సమానం కాలేనేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీలాంటివాళ్ల కోసమే రెస్టెడ్ ఎక్స్‌పీ పెట్టారు. ఆట ఆపేటప్పుడు సత్రంలోనో పెద్ద నగరంలోనో ఆపితే, ఎనిమిది గంటలకు ఒక లెవెల్‌లో 5 శాతం చొప్పున జమ అవుతుంది. ఆదివారం రాత్రి ఆపి శనివారం ఉదయం వస్తే ఐదు రోజులకు తక్కువ కాదు. లెవెల్‌లో ముప్పావు వంతు జమ అయి ఉంటుంది. అది అయిపోయేదాకా చంపిన ప్రతి శత్రువుకీ రెట్టింపు ఎక్స్‌పీ. క్వెస్టుల ఎక్స్‌పీకి ఇది వర్తించదు. అడవి మధ్యలో ఆపేసి వెళ్తే జమ అయ్యేది నాలుగో వంతే, కాబట్టి నిద్ర ముంచుకొస్తున్నా సత్రం గుమ్మం దాటి ఆపండి.

దీని వెనక ఒక ముచ్చట ఉంది. ఆట తయారవుతున్న రోజుల్లో ఇదే లెక్కను తిప్పి పెట్టారు: ఎక్కువసేపు ఆడితే ఎక్స్‌పీ సగానికి తగ్గేది. పరీక్షించినవాళ్లు మండిపడ్డారు. అప్పుడు అంకెలు రెట్టింపు చేసి, తగ్గిన దాన్ని 'మామూలు' అనీ, అసలు దాన్ని 'విశ్రాంతి బోనస్' అనీ పేరు మార్చారట. అందరూ సంతోషించారు. పేర్లు పెట్టడం తెలిసినవాళ్లు!

ప్రశ్న: వారియర్‌తో 10వ లెవెల్‌కి వచ్చాను. ప్రతి పోరాటం తర్వాతా ప్రాణం నింపుకోవడానికి కూర్చుని తినడమే సరిపోతోంది. హంటర్‌కి మారదామని ఉంది. ఇంత కష్టపడి ఇప్పుడు వదిలేయాలంటే మనసొప్పడం లేదు.

జవాబు: వదిలేయండి. వారియర్‌కి సొంతంగా గాయం మాన్పుకునే మంత్రం లేదు, ఒంటరిగా ఆడేవాళ్లకి అదే అన్నిటికన్నా కష్టమైన క్లాసు (పాత్ర రకం). హంటర్‌కి మొదటి తొమ్మిది లెవెల్స్ చప్పగానే ఉంటాయి. 10లో జంతువును మచ్చిక చేసుకున్నాక దెబ్బలు అది తింటుంది, మీరు దూరం నుంచి కొడతారు.

'ఇంత కష్టం' సంగతా? 1 నుంచి 10కి చేరడానికి మీరు సంపాదించింది మొత్తం 27,600 ఎక్స్‌పీ. 59 నుంచి 60కి ఒక్క మెట్టు ఎక్కడానికే 2,09,800 కావాలి. ఇప్పుడు పోయేది చాలా తక్కువ. 40 దాకా లాక్కుంటూ వెళ్లి అప్పుడు మారితే నిజంగా ఏడుపొస్తుంది, అలా ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

అయితే వారియర్‌ని వెంటనే డిలీట్ చేయకండి. దాని దగ్గరున్న బ్యాగులు, లినెన్ గుడ్డ, చేతిలో ఉన్న డబ్బు అన్నీ పోస్ట్ డబ్బా దగ్గర కొత్త హంటర్ పేరుకి పంపండి. పోస్ట్ ఖర్చు వస్తువుకి 30 రాగి నాణేలు. పంపేటప్పుడు హంటర్ పేరు అక్షరం తప్పు పోకుండా చూసుకోండి. నా నాలుగు బ్యాగులు ఇప్పటికీ ఎవరి దగ్గరున్నాయో నాకు తెలియదు.